కుప్ప: లాగ్ లైన్లను కుప్పలు పోసే టూల్ - ప్రాజెక్టు డైరీ

2025 ఫిబ్రవరి 9, ఆదివారం, హనుమకొండ

ఇవాళ మార్కెట్ బంద్, సపోర్టు ఫోన్ మోగదు. నిన్నటి లాగ్ ఫైలు, అంటే మా ప్రోగ్రామ్ తను చేసే పనులు లైను లైనుగా రాసుకునే ఫైలు, ముందేసుకుని కూర్చున్నాను. ఒక్క రోజుకే 11 లక్షల పైచిలుకు లైన్లు.

మా సాఫ్ట్‌వేర్ వరంగల్ ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల అడ్తి (కమీషన్) దుకాణాల్లో నడుస్తుంది. కాంటా మీద బస్తా ఎక్కగానే బరువు వైరు గుండా కంప్యూటర్‌లోకి వస్తుంది. రైతు చేతికి బరువు చీటీ, అంటే తక్‌పట్టీ, ప్రింటవుతుంది, అదే లెక్క సర్వర్‌కి పోతుంది. మిర్చి సీజన్ కావడంతో తెల్లారకముందే బస్తాలు దిగుతున్నాయి. యాప్ ప్రతి సెకనుకూ కాంటాను అడుగుతూ ఉంటుంది, కాంటా పలకకపోతే ఒక లైను రాస్తుంది. హమాలీ చాయ్ తాగడానికి పోతూ కాంటా స్విచ్ ఆపితే పావుగంటలో 900 లైన్లు.

నిన్న మధ్యాహ్నం ఒక సేఠ్ ఫోన్ చేశాడు. తక్‌పట్టీ మీద ఒక బరువు, సాయంత్రం లెక్కలో ఇంకో బరువు, కిలో పైన తేడా. సపోర్టు చూసే తమ్ముడు నా దగ్గరికి వచ్చి "అన్నా, లాగుల ఏమన్న ఉంటది, జర చూడు" అన్నాడు. మూడు గంటలు చూశాను. కాంటా పలకలేదు, కాంటా పలకలేదు, కాంటా పలకలేదు. నాకు కావలసిన లైను ఆ మధ్యలో ఎక్కడో ఉంది, కంటికి ఆనడం లేదు.

అందరూ మొదట చేసే పనే నేనూ చేశాను: సార్ట్ చేసి, అంటే లైన్లను వరసలో పెట్టి, ఒకేలాంటి వాటిని ఒకటి చేసే యునిక్‌కి ఇచ్చి లెక్క పెట్టించడం. యునిక్ పక్కపక్కన ఉన్న లైన్లనే పోలుస్తుంది, అందుకే ముందు సార్ట్ కావాలి. కానీ ప్రతి లైను మొదట్లో టైము ఉంటే ఏ రెండు లైన్లూ ఒకటి కావు. టైము కోసేశాను. అప్పుడు దుకాణం నంబరు, తక్‌పట్టీ నంబరు అడ్డం. 11 లక్షలు 6 లక్షలయ్యాయి. 6 లక్షల లైన్లు మాత్రం ఎవరు చదువుతారు? సర్వర్లలో లాగులు రాసే సిస్‌లాగ్‌లో పాత రోజుల నుంచీ 'పై మెసేజ్ ఇన్నిసార్లు వచ్చింది' అని ఒక్క లైనులో తేల్చే పద్ధతి ఉంది. అది కూడా అచ్చంగా అదే మెసేజ్ వెంటవెంటనే వస్తేనే పనిచేస్తుంది. రెండు దుకాణాల లైన్లు ఒకదాంట్లో ఒకటి కలిసి వస్తే చేతులెత్తేస్తుంది.

ఇవి చూడండి (సింక్ అంటే తక్‌పట్టీ లెక్క సర్వర్‌కి చేరడం):

11:42:07 దుకాణం 14 తక్‌పట్టీ 88213 సింక్ ముగిసింది
11:42:07 దుకాణం 31 తక్‌పట్టీ 40977 సింక్ ముగిసింది
11:42:08 దుకాణం 14 తక్‌పట్టీ 88214 సింక్ ముగిసింది

మనిషికి ఇవి మూడూ ఒకటే మాట. ఆ 'ఒకటే' అన్నది మెషీన్‌కి చెప్పాలి. ఈ టూల్ పనల్లా అంతే.

పేరు వెతుక్కోవలసిన పని పడలేదు. నర్సంపేట దగ్గర మా ఊళ్లో మిర్చి కల్లంలో అమ్మ తాలు ఏరేది. మంచి ఎరుపు ఒక కుప్ప, తెల్లబడ్డ తాలు ఇంకో కుప్ప, మచ్చ కాయలు పక్కన చిన్న కుప్ప. టూల్ పేరు 'కుప్ప'.

ఫిబ్రవరి 11

పైథాన్‌లో మొదలుపెట్టాను. మా ఆఫీసులో అందరూ చదవగలిగేది అదే.

మొదటి రూపం తేలిక: లైనులో మారే ముక్కలను పట్టుకుని వాటి చోట గుర్తు పెట్టడం. అంకెలుంటే [సంఖ్య], ఐపీ (నెట్‌వర్క్‌లో కంప్యూటర్ చిరునామా) ఉంటే [ఐపీ], అలా. మిగిలిన దాన్ని తాళంచెవిగా పెట్టుకుని డిక్షనరీలో (పైథాన్‌లో ఒక్కో తాళంచెవికి ఒక విలువ దాచుకునే పట్టిక) లెక్క పెంచడం. లైన్లు దాచుకోనక్కర్లేదు. ఒక్కో కుప్పకు ఎన్ని వచ్చాయి, మొదట ఎప్పుడు, చివర ఎప్పుడు, నమూనాకు ఒక లైను, ఇవి చాలు. ఫైలు ఎంత పెద్దదైనా మెమరీ కుప్పల సంఖ్యను బట్టే పెరుగుతుంది.

గుర్తులు ఏ వరసలో పెడతామన్న దాని మీదే అంతా ఆధారపడింది. మా యాప్ ప్రతి సింక్‌కీ ఒక యూయూఐడీ, అంటే ఇంకెక్కడా రాని గుర్తింపు, రాస్తుంది: 32 హెక్స్ అక్షరాలు (0-9, ఏ-ఎఫ్), మధ్యలో 4 గీతలు, మొత్తం 36. అంకెల నియమం ముందు నడిస్తే దాంట్లోని అంకెలన్నీ ఊడిపోయి ఏ, ఎఫ్, బీ లాంటి అక్షరాలు మిగులుతాయి. ఒక్కో యూయూఐడీకి ఒక్కో ఆకారం, ఒక్కో కుప్ప. అందుకని పొడుగు ఆకారం ముందు, పొట్టిది వెనక: యూయూఐడీ, ఆ తర్వాత తేదీ-టైము, ఐపీ, హెక్స్, అన్నిటికంటే చివర అంకెలు.

రాత్రి తొమ్మిదింటికి 11 లక్షల లైన్లు 212 కుప్పలయ్యాయి. ఒక్క స్క్రీన్ కిందికి జరిపితే ఆ శనివారమంతా కనబడింది. చాలా రోజుల తర్వాత ఇంత తృప్తిగా ఇంటికి పోతున్నాను.

ఫిబ్రవరి 13, రాత్రి

మొన్నటి సంతోషం సగం పోయింది. ఎందుకు పోయిందో పూర్తిగా రాసిపెట్టుకుంటున్నాను, ఇది మళ్లీ జరగకూడదు.

సేఠ్ చెప్పిన తక్‌పట్టీ నంబరు పట్టుకుని తమ్ముడు సీదా గ్రెప్ కొట్టాడు, అంటే ఆ నంబరున్న లైన్లు వెతికాడు. నా టూల్ జోలికే పోలేదు. రెండు నిమిషాల్లో లైను దొరికింది:

దుకాణం 14 తక్‌పట్టీ 88371 సింక్ ముగిసింది కోడ్ 5

కోడ్ 0 అంటే అంతా బాగున్నట్టు. 5 అంటే ఇదే తక్‌పట్టీ ముందు ఒక బరువుతో వచ్చింది, ఇప్పుడు ఇంకో బరువుతో వచ్చింది అని సర్వర్ చెబుతున్నట్టు. సేఠ్ అడిగిన తేడా అదే. రైతు తెచ్చిన మిర్చి బరువు అది. కిలో తేడా అంటే వంద రూపాయల పైమాట.

నా కుప్ప దీన్ని ఎక్కడ పెట్టింది? 'దుకాణం [సంఖ్య] తక్‌పట్టీ [సంఖ్య] సింక్ ముగిసింది కోడ్ [సంఖ్య]' అని 39,818 లైన్ల కుప్ప ఒకటుంది. అందులో పడేసింది. జాబితాలో పైనుంచి మూడోది. 'సింక్ ముగిసింది' అని రాసి ఉంది కాబట్టి మంచి కుప్ప అనుకుని నేనే కళ్లు దాటించాను.

అంటే నేను రాసిన నియమమే తప్పును దాచింది. లైన్లు తగ్గించడమే పని అనుకున్నాను. ఎర్రకాయల్లో తాలు కలిపేస్తే కుప్పలు తగ్గుతాయి, నిజమే. కానీ ఏరడం ఎందుకు మరి? తక్‌పట్టీ నంబరూ సంఖ్యే, కోడూ సంఖ్యే. ఒకటి మారినా పట్టించుకోనక్కర్లేదు, ఇంకొకటి మారితే ఒకరి డబ్బు పోతుంది. అంకెల ఆకారం చూసి రెండిటినీ ఒక గాటన కట్టేశాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

రెండు రోజులు ఆలోచించాను. 'కోడ్' తర్వాత వచ్చే అంకెను ముట్టుకోవద్దని ఒక నియమం రాస్తే ఇవాళ్టికి గడుస్తుంది. రేపు ఇంకొకరు 'స్థితి' అని రాస్తారు, ఇంకొకరు 'ఫలితం' అంటారు. ప్రతి మాటకూ నియమం రాసుకుంటూ పోలేను.

మార్చినది ఇది. కుప్ప పోసేటప్పుడు గుర్తు పెట్టిన ప్రతి ఖాళీలో ఏయే విలువలు వచ్చాయో కూడా లెక్కపెడుతున్నాను, ఒక్కో ఖాళీకి 8 రకాల దాకా. తొమ్మిదో రకం వస్తే ఆ ఖాళీని 'చాలా' అని రాసి వదిలేస్తాను, మెమరీ పెరగదు. తక్‌పట్టీ నంబర్లు క్షణంలో 'చాలా' అయిపోతాయి. కోడ్ కాదు. ఇప్పుడు అదే కుప్ప ఇలా కనబడుతోంది:

39,818 దుకాణం [చాలా] తక్‌పట్టీ [చాలా] సింక్ ముగిసింది కోడ్ [0: 39,812, 5: 6]

ఆ చివరి ముక్కను చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. మూడు గంటలు చదివినా దొరకని సంగతి ఒక్క లైనులో ఉంది. ఒక్క తక్‌పట్టీ కాదు, ఆరు.

ఇంకో చిన్న మార్పు. ఒక ఖాళీలో రోజంతా ఒకే విలువ వస్తే ఖాళీ చూపించకుండా ఆ విలువనే రాస్తున్నాను. 'పోర్టు తెరుచుకోలేదు, దుకాణం 9' అని కనబడితే అది అందరి గొడవ కాదు, తొమ్మిదో దుకాణం గొడవ అని తెలుస్తుంది. యూఎస్‌బీ వైరు ఒక సాకెట్ నుంచి ఇంకో సాకెట్‌లోకి మారిస్తే విండోస్ ఒక్కోసారి కామ్ పోర్టు (కాంటా మాట్లాడే దారి) నంబరు మార్చేస్తుంది. అక్కడ జరిగింది అదే. తమ్ముడు ఫోన్‌లోనే సరిచేయించాడు.

జాబితా వరస కూడా తేల్చుకున్నాను: ఎక్కువ వచ్చినవి పైన, అరుదైనవి కింద. టెర్మినల్‌లో చివరి లైన్లే ప్రాంప్ట్‌కు ఆనుకుని కంటి ముందు ఉంటాయి. ఒక్కసారే వచ్చిన మాట అక్కడే ఉండాలి.

ఆ ఆరు తక్‌పట్టీల కారణం కూడా తేలింది. చాలా కాంటాలు బరువుతో పాటు రెండక్షరాలు పంపుతాయి: ఎస్‌టీ అంటే ముల్లు నిలబడింది, యూఎస్ అంటే ఇంకా ఊగుతోంది. మొదటిసారి బరువు పంపే దారిలో మేం దాన్ని చూస్తున్నాం. సర్వర్ జవాబు రాక మళ్లీ పంపే దారిలో మాత్రం, దాచిపెట్టిన బరువు పంపకుండా కాంటాను మళ్లీ అడుగుతున్నాం, ఆ రెండక్షరాలు చూడకుండానే. అప్పటికి కాంటా మీదికి తర్వాతి బస్తా ఎక్కుతూ ఉంటుంది. ఆ మాడ్యూల్ రాసిన అక్క సాయంత్రానికి సరిచేసింది. ఆరుగురి లెక్కలూ తక్‌పట్టీ ప్రకారం దిద్దించాం.

ఫిబ్రవరి 22

ఇవాళ మొత్తం తెలుగుతోనే సరిపోయింది.

మా యాప్ మెసేజ్‌లు తెలుగులో ఉంటాయి, సపోర్టు పిల్లలు చూడగానే అర్థం కావాలని. లైనును మాటలుగా విడగొట్టడానికి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో (అక్షరాల ఆకారం రాసి వెతికే పద్ధతి) అందరూ వాడే 'మాట అక్షరం' గుర్తు వాడాను, అదే బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ. పొద్దున ఒక వింత కుప్ప కనబడింది: 'కాంటా లేదు', 'కోటా లేదు' రెండూ ఒకే చోట. మొదటిది కాంటా వైరు ఊడింది అని. రెండోది డిస్క్‌లో మాకిచ్చిన జాగా అయిపోయింది అని. ఒకదానితో ఒకదానికి సంబంధమే లేదు.

మాటలు ఎలా విడిపోతున్నాయో ప్రింట్ చేసి చూశాను. 'కాంటా' కాస్తా 'క', 'ట' అయింది. 'కోటా' కూడా 'క', 'ట'. 'లేదు' అంటే 'ల', 'ద'. పైథాన్‌లో ఈ పని చేసే రీ మాడ్యూల్ హల్లులనూ అచ్చులనూ అక్షరాలంటుంది. గుణింతం గుర్తులు, సున్న, పొల్లు దాని లెక్కలో అక్షరాలు కావు, అక్కడ మాట తెగిపోతుంది. 'వరంగల్' అని ఇస్తే 'వర', 'గల' అని రెండు ముక్కలు చేతిలో పెట్టింది. తెలుగు మాటలో గుణింతం పోతే ఇంక మిగిలేదేముంది? ఇంగ్లిష్ లాగులతో పరీక్షించినన్ని రోజులూ ఇది బయటపడే వీలే లేదు.

ఇప్పుడు ఖాళీ దగ్గరే విడగొడుతున్నాను, అంచుల్లోని కామాలు, చుక్కలు ఒలిచేస్తున్నాను. మాట లోపల చూడాల్సిన చోట తెలుగు బ్లాకు మొత్తాన్ని, యూనికోడ్‌లో 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా ఉన్న 128 స్థానాలనూ, చేత్తో చేర్చాను.

సాయంత్రం ఇంకొకటి. 'దొరకని సర్వర్ చిరునామా' అని రెండు కుప్పలు. అక్షరం అక్షరం పోల్చినా తేడా కనబడదు. బైట్లు తీసి చూస్తే ఒక దాంట్లో 'సర్వర్' చివర పొల్లు తర్వాత మూడు బైట్లు ఎక్కువ. కంటికి కనబడని అడ్డు, అక్షరాలను కలవనివ్వని జీరో విడ్త్ నాన్ జాయినర్. మా ఆఫీసులో ఒకరు ఒక కీబోర్డుతో, ఇంకొకరు ఇంకో కీబోర్డుతో అదే మెసేజ్‌ను రెండు చోట్ల టైప్ చేశారు. ఒక కీబోర్డు మాట చివర దాన్ని వదులుతుంది. పోల్చేటప్పుడు తీసేస్తున్నాను, చూపించేటప్పుడు మాత్రం లైను ఎలా వచ్చిందో అలాగే. 'సర్వర్‌కి' లాంటి మాటల్లో ఆ అడ్డు తీస్తే పొల్లు పోయి ఒత్తు పడుతుంది, చదవడానికి బాగుండదు.

ఒక్క విషయంలో మాత్రం పైథాన్ మన పక్షానే ఉంది. అంకె గుర్తు ౦ నుంచి ౯ దాకా తెలుగు అంకెలను కూడా పట్టుకుంటుంది. దానికి విడిగా ఏమీ రాయాల్సిన పని పడలేదు.

ఫిబ్రవరి 26, శివరాత్రి

వేయి స్తంభాల గుడికి పొద్దున్నే పోయి వచ్చాం. లైను రోడ్డు దాకా ఉంది. ఇంట్లో అందరికీ ఉపవాసం, రాత్రికి జాగారం. జాగారంలో నేను డ్రెయిన్ అనే లాగ్ కుప్పలు పోసే పద్ధతి పెట్టుకున్నాను.

గుర్తులు పెట్టే పద్ధతికి ఒక హద్దుంది. ఆకారం ఉన్న వాటినే పట్టుకోగలదు: అంకె, ఐపీ, యూయూఐడీ. రైతు పేరుకు ఆకారం లేదు, ఊరి పేరుకు లేదు. వాటిని పట్టాలంటే లైన్లను ఒకదానితో ఒకటి పోల్చి, ఏ మాట మారుతోందో చూడాలి. ఈ దారిలో చాలామంది నడిచారు. రిస్టో వారాండి 2003లో ఎస్ఎల్‌సీటీ అని ఒక టూల్ రాశారు. ఏ చోట ఏ మాట ఎక్కువసార్లు వస్తోందో లెక్కపెట్టి నమూనాలు తీస్తుంది. కానీ ఫైలును ఒకటికి రెండుసార్లు చదవాలి. నాకు లైను వస్తూ ఉండగానే తేలాలి. 2017లో వచ్చిన డ్రెయిన్ ఆ పని చేస్తుంది.

అది పనిచేసే తీరు చక్కగా ఉంటుంది. ఒక చెట్టు, లోతు ముందే ఖాయం. మొదటి కొమ్మ దగ్గర లైనులో ఎన్ని మాటలున్నాయో చూస్తుంది. తర్వాతి కొమ్మల దగ్గర మొదటి మాట ఏమిటి, రెండో మాట ఏమిటి. అంకెలున్న మాట వస్తే దానికి విడిగా కొమ్మ పెట్టదు, 'ఏదైనా' అన్న కొమ్మలోకి పంపుతుంది. చివర ఆకు దగ్గర కొన్ని కుప్పలు ఉంటాయి. వాటితో మాత్రమే పోల్చుతుంది: ఒకే చోట ఉన్న మాటల్లో ఎన్ని కలిశాయి, మొత్తంలో ఎంత వంతు. హద్దు దాటితే ఆ కుప్పలో చేరుస్తుంది, కలవని మాట చోట ఖాళీ పెడుతుంది. లేకపోతే కొత్త కుప్ప. కుప్పలు ఎన్ని ఉన్నా ఒక్కో లైనుకు పడే శ్రమ తక్కువ.

హద్దు సగం, అంటే 0.5, పెట్టి నడిపాను. 'దుకాణం 14 కాంటా లేదు', 'దుకాణం 14 కోటా లేదు' మళ్లీ కలిసిపోయాయి! నాలుగు మాటల్లో మూడు ఒకటే, 0.75. డ్రెయిన్ తప్పు కాదు ఇది. మాట మొదట్లో ఉండి ఉంటే కొమ్మలే వేరు చేసేవి. మన వాక్యంలో అసలు మాట చివరికి వస్తుంది. 'బరువు వచ్చింది', 'బరువు రాలేదు'. ముందు భాగమంతా ఒకటే, కథంతా ఆఖరి మాటలో ఉంటుంది. మొదటి మాటలను చూసి కొమ్మలు వేసే చెట్టు తెలుగుకు తలకిందులు.

అర్ధరాత్రి దాటాక చెట్టును తిప్పేశాను. మాటల సంఖ్య చూశాక, మొదటి మాటకు బదులు చివరి మాటను చూసి కొమ్మ వేస్తుంది, తర్వాత చివరి నుంచి రెండోది. 'లేదు' ఒక కొమ్మ, 'వచ్చింది' ఒక కొమ్మ, 'రాలేదు' ఒక కొమ్మ. లేదు కింద కాంటా ఒక కొమ్మ, కోటా ఒక కొమ్మ. 'కోడ్ 5' లాంటి తోకలు అంకెతో ముగుస్తాయి కాబట్టి 'ఏదైనా' కొమ్మలోకి పోతాయి, అక్కడ విలువల లెక్క కాపు కాస్తుంది. ఇంకో జాగ్రత్త: అయిదు మాటల కంటే పొట్టి లైన్లకు గుర్తులు పోను మిగిలినవన్నీ కలవాల్సిందే. పొట్టి మాటలో ఒక్క తేడా అయినా పెద్ద తేడానే.

ఇక పేర్లు. 'రైతు' అన్న మాట తర్వాత ఒకరికి రెండు మాటల పేరు, ఒకరికి మూడు, ఒకరికి ఇంటిపేరుతో కలిపి నాలుగు. మాటల సంఖ్య చెట్టులో మొదటి కొమ్మ కాబట్టి ఒకే సంగతి మూడు కుప్పలవుతోంది. యాప్‌లో పేరు ఎప్పుడూ కొటేషన్ల మధ్యే రాస్తాం. కొటేషన్ల మధ్య ఎన్ని మాటలున్నా ఒక్క ఖాళీగా లెక్కేయమన్నాను. 212 కుప్పలు 58కి వచ్చాయి. ఈసారి ప్రతి కుప్పనూ తెరిచి చూశాకే నమ్మాను.

తెల్లారుజామున అమ్మ లేచి వచ్చి "ఏంది కొడుకా, దేవుని పేరన్న తలుసుకున్నవా?" అని అడిగింది. కుప్ప గురించి చెప్పాను. కాసేపు స్క్రీన్ చూసింది. "మచ్చకాయ సుత పక్కకు తీస్తదా?" అంది.

మార్చి 2

ఒక దుకాణం నుంచి వచ్చిన ఫైలులో ఇంగ్లిష్ అక్షరాల మధ్య సున్న బైట్లు. అక్కడి పాత పవర్‌షెల్‌లో బాణం గుర్తుతో ఫైలులోకి మళ్లించారు, అది ఒక్కో అక్షరానికి కనీసం రెండు బైట్లు వాడే యూటీఎఫ్-16లో రాసింది. మొదటి రెండు బైట్లు చూసి ఎన్‌కోడింగ్ తేల్చుకునేలా చేశాను. చెడ్డ బైటు వస్తే టూల్ ఆగిపోకుండా, దాని చోట గుర్తు పెట్టి ముందుకు పోతుంది. లాగ్ చదివే టూల్ లాగ్‌లో చెత్త ఉందని పడిపోకూడదు.

మార్చి 9, ఆదివారం

ఇవాళ్టి మార్పు తమ్ముడి ప్రశ్న నుంచి వచ్చింది. "అన్నా, ఈ రిపోర్టు మన గ్రూపుల పెట్టొచ్చా?"

పెట్టొచ్చనే అనబోయాను. కుప్పల్లో అన్నీ ఖాళీలే కదా. కానీ ప్రతి కుప్ప కింద నమూనాకు ఒక అసలు లైను చూపిస్తున్నాను. అందులో ఒక రైతు పేరుంది, పది అంకెల మొబైల్ నంబరుంది. పైగా 'ఒకే విలువ అయితే చూపించు' అన్న నియమం వల్ల ఒక్కరికే జరిగిన పొరపాటులో వాళ్ల పేరు బయటికి వస్తుంది. అరుదైన లైను కింద కనబడాలని నేనే కోరుకున్నాను. కష్టం ఎవరిదో వాళ్ల పేరే అందరికంటే ముందు బయటపడుతోంది.

అందుకని ఖాళీలకు రెండు జాతులు పెట్టాను. దుకాణం, కోడ్, పోర్టు లాంటివి విప్పి చూపించేవి. కొటేషన్ల మధ్య పేర్లు, పది అంకెలవి, పన్నెండు అంకెలవి ఎప్పటికీ మూసి ఉంచేవి. విలువల లెక్కలోకీ రావు, నమూనా లైనులోనూ గుర్తుతోనే వస్తాయి. ఒకటే పేరు మళ్లీ మళ్లీ వస్తోందా, వేర్వేరు పేర్లా అన్నది తెలుసుకోవడం మాత్రం కావాలి. దానికి పేరు బదులు ఆ రోజుకు మాత్రమే పనిచేసే రహస్య ముక్క కలిపి హాష్ అనే గజిబిజి గుర్తు తీసి, 'ఇద్దరు' అనో 'ఒకరే' అనో అంకె మాత్రం చూపిస్తున్నాను. రహస్య ముక్క లేకుండా మొబైల్ నంబరును హాష్ చేస్తే లాభం లేదు. పది అంకెల నంబర్లన్నీ ఒక్కొక్కటిగా వేసి చూసి తిరిగి పట్టేయొచ్చు.

ఇప్పుడు తమ్ముడు గ్రూపులో పెడుతున్నాడు.

మార్చి 14, హోళీ

చేతులకు రంగు పోక కీబోర్డు గుడ్డతో తుడుచుకుంటూ కూర్చున్నాను. వేగం పని. ప్రతి లైను మీదా తొమ్మిది నియమాలు తొమ్మిదిసార్లు నడుస్తున్నాయి. అన్నిటినీ కలిపి ఒక్కటే పొడుగు ఎక్స్‌ప్రెషన్ చేశాను, ఏ ముక్క తగిలిందో పేరును బట్టి తెలుస్తుంది. అదే ఫైలుకు దాదాపు రెండు నిమిషాలు పట్టేది, 40 సెకన్లకు వచ్చింది. చాలు. సపోర్టుకు ఇంతకంటే తొందరేం లేదు.

మొదటి కొన్ని లైన్లే చూపించే హెడ్ కమాండ్‌కు కలిపితే పైపు (ఒక ప్రోగ్రామ్ రాసింది ఇంకోదానికి అందించే దారి) విరిగిందన్న ఎర్రర్ వస్తోంది, దాన్ని సద్దుమణిగించాను. ఇంకొకటి: పైథాన్ టెర్మినల్‌కు రాసేటప్పుడు లైను లైనుకూ వదులుతుంది, పైపులోకి రాసేటప్పుడు మాత్రం పోగేసి ఒకేసారి వదులుతుంది. ఫైలుకు చేరే కొత్త లైన్లు చూపించే టెయిల్‌తో కలిపి నడిపినప్పుడు ఏమీ కనబడక పదినిమిషాలు ఎదురుచూసింది అందుకే.

మార్చి 23, ఆదివారం

పొద్దున తమ్ముడు అడిగాడు: "అన్నా, రోజూ యాభై కుప్పలు సదువుడెందుకు? నిన్న లేనిది ఇయ్యాల ఏమొచ్చిందో గదొక్కటి చెప్తే అయిపాయె."

ఎంత సరైన మాట. కొత్త వెర్షన్ పెట్టిన మరుసటి రోజు మాకు కావలసింది ఇదొక్కటే. ప్రతి కుప్పకూ దాని నమూనా మాటల నుంచి ఒక గుర్తింపు తీసి, నిన్నటి జాబితాతో పోల్చాను. దాదాపు అన్నీ కొత్తవే అని చెప్పింది.

కారణం డ్రెయిన్ స్వభావంలోనే ఉంది. కుప్ప నమూనా మొదటి లైనుతో మొదలై, లైన్లు వచ్చేకొద్దీ ఖాళీలు పెరుగుతూ పోతుంది. నిన్న ఊరి పేరు చోట ఖాళీ పడింది. ఇవాళ పొద్దున నుంచి ఒకే ఊరి బస్తాలు వచ్చాయి, ఖాళీ పడలేదు. నమూనా వేరు, గుర్తింపు వేరు. లైన్లు వచ్చే వరస మారినా ఇదే గొడవ.

నిన్నటి నమూనాలను ఫైలులో దాచి, ఇవాళ చెట్టును వాటితోనే మొదలుపెడుతున్నాను. గుర్తింపు మొదటిసారి కుప్ప పుట్టినప్పుడే ఖాయం, తర్వాత ఖాళీలు పెరిగినా మారదు. కల్లంలో నిన్నటి కుప్పలు అలాగే ఉంచి ఇవాళ్టి కాయ వాటి మీదే పోసినట్టు. దేనికీ చెందనిదే కొత్తది. విలువలకు కూడా ఇదే నియమం: పాత కుప్పే అయినా కోడ్‌లో నిన్న లేని విలువ వస్తే 'కొత్త విలువ' అని చెబుతుంది. ఫిబ్రవరి 8 ఫైలునే మళ్లీ ఇచ్చి, ముందు రోజు నమూనాలు పెట్టి నడిపి చూశాను. అవుట్‌పుట్ నాలుగే లైన్లు. మూడోది:

కొత్త విలువ: సింక్ ముగిసింది కోడ్ 5, 6 సార్లు, మొదట 11:52:19

మార్చి 29, శనివారం

'కుప్ప కొత్తవి' అన్న కమాండ్‌ను సర్వర్‌లో రోజూ పొద్దున అయిదున్నరకు నడిచేలా పెట్టాం. తమ్ముడు దుకాణాలు తెరవకముందే ఆ నాలుగైదు లైన్లు చదువుకుని ఫోన్ దగ్గర కూర్చుంటున్నాడు.

మిగిలిన పెద్ద పని ఒకటుంది. ప్రింటర్ వైపు నడిచే జావా ముక్క ఎర్రర్ రాస్తే ఒక్క లైను కాదు, ముప్పై నలభై లైన్ల స్టాక్ ట్రేస్, అంటే ఎర్రర్ కోడ్‌లో ఏయే చోట్ల మీదుగా వచ్చిందో చెప్పే జాబితా. కుప్ప వాటిని ముప్పై వేరు వేరు లైన్లుగా చూస్తోంది. ట్యాబ్‌తో మొదలయ్యే లైన్లనూ, 'కాజ్డ్ బై' అని మొదలయ్యే లైన్లనూ పైదానికి అతికించాను. ఎర్రర్ పేరునూ, మా సొంత కోడ్‌లోని మొదటి లైనునూ మాత్రమే పోలికకు తీసుకుంటున్నాను, అడుగున లైబ్రరీల లైన్లు మారినా కుప్ప మారకుండా. అయితే టెయిల్‌తో చదివేటప్పుడు ట్రేస్ ఎప్పుడు ముగిసిందో తర్వాతి లైను వచ్చేదాకా తెలియదు. అర సెకను ఏమీ రాకపోతే ముగిసిందనుకోమని చెప్పాను.

రేపు ఉగాది, ఎల్లుండి రంజాన్. మా దుకాణాలు మంగళవారం తెరుస్తాయి. ఆ అర సెకను చాలుతుందో లేదో ఆ రోజు లాగ్ చూశాక రాస్తాను.